చేయి మార్చుకునే వేళ

నోదారి నా కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు,
పుచ్చకాయని తట్టి చూసినట్టు.
"రెండు లక్షల నలభై ఒక్క వేల సార్లు రెప్ప వేసింది.
కంపెనీవాడు రెండు లక్షలకే పూచీ.
మిగతాదంతా నీకు కొసరు, మక్వాలా."

ఎప్పుడు పోతుందని అడిగాను.
ఇవాళ సాయంత్రం. లేదా రెండేళ్ళకి.
బాగుచేసేవాళ్ళందరూ జ్యోతిష్కుల్లాగే మాట్లాడతారు.

కుతైసీలో ఇది సెప్టెంబరు.
ద్రాక్ష కోతకొచ్చిందంటే పెళ్ళిళ్ళూ కోతకొచ్చినట్టే.
పదకొండు రాసి ఉన్నాయి
వంటింటి కేలండరు మీద, గ్యాసు బిల్లు పక్కన.
పెళ్ళి చేసి చూడమన్నారు గానీ
పెళ్ళి ఫొటోలు తీసి చూడమన్నవాళ్ళు లేరు.

రాత్రి లెక్కలు వేస్తాను.
కొత్త బాడీ, దానికో లెన్సు,
పాత లెన్సులు అతకడానికి అడాప్టరు,
అంతంత ఫైళ్ళు మింగలేని కంప్యూటరుకి కొత్త పొట్ట.
గోచీ కోసం పిల్లి, పిల్లి కోసం ఆవు,
సన్యాసి సంసారం ఇలాగే మొదలైంది.

ఫిబ్రవరిలో కొత్త మోడలు వస్తుందట.
అది వస్తే ఇప్పటి కొత్తది పాతదై దిగివస్తుంది.
ఆగితే ఒక చలికాలపు కట్టెలంత డబ్బు మిగులుతుంది.
ఆగితే ఆ పదకొండింటిలో ఒక పెళ్ళి
నల్లగా మిగిలిపోవచ్చు.
పెళ్ళికి ముహూర్తాలున్నాయి,
పెళ్ళి ఫొటోలు తీసే డబ్బాకి ఏ పంచాంగంలోనూ లేదు.

నిజం చెప్తున్నా, షాపులో ఒకసారి చేతిలోకి తీసుకున్నాను.
పావురం పిల్లంత బరువు.
నా మణికట్టు నొప్పి అక్కడికక్కడే దానికి ఓటేసింది.
నా ఫొటోలు చెడినప్పుడల్లా తప్పు డబ్బాదేనా?
కాదు.
అయితే పోయిన నెల నేలమాళిగలో విందు,
నల్లబట్టల ముసలామె కొవ్వొత్తి వెనకనుంచి నవ్వింది.
ఇంట్లో తెరిచి చూస్తే
ముఖమంతా రవ్వ చల్లినట్టు గరుకు.
"బాడీ చొక్కా, లెన్సు కన్ను," అని
నోదారి మూడేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాడు.

నిన్న కొండమీది చర్చిలో
వధూవరుల తలల మీద కిరీటాలు ఎత్తి పట్టుకున్నారు స్నేహితులు.
ఫాదరీది నిదానమైన గొంతు.
వరుడి వెనక నిలబడ్డ బెసో చేయి
వణకడం వ్యూఫైండర్లో నాకొక్కదానికే కనిపించింది.
కిరీటం ఇంకా జుట్టుకి తగల్లేదు.
అప్పుడే ఎడమచేయి మెల్లిగా పైకొచ్చింది.
ఒక్క క్షణం రెండు చేతులూ పట్టుకున్నాయి.
తర్వాత కుడిచేయి దిగి, జేబులో దాక్కుంది.
వరుడికి తెలియదు. ఫాదరీకి తెలియదు.
పడిపోయాక ఎవడైనా మారుస్తాడు చేయి.

నొక్కాను. టక్కుమంది.
కొసరులో ఇంకొకటి.

రేపు సోమవారం, బ్యాంకు తొమ్మిదిన్నరకి తెరుస్తారు.
ముందు లెన్సు. నోరు పెద్దదైన ముప్పై అయిదు,
కొవ్వొత్తి వెలుగుని కూడా గుక్కలేసుకు తాగేది.
ఈ ముసలిదానికీ ఎక్కుతుంది,
అడాప్టరు మీద రేపటిదానికీ ఎక్కుతుంది.
నోదారి అద్దెకిచ్చే గీతల బాడీ ఒకటి
అక్టోబరు దాకా నా సంచిలో రెండో చేయిగా ఉంటుంది.
కొత్తది ఫిబ్రవరికి,
వాళ్ళు దాన్ని పాతదని పిలవడం మొదలెట్టాక.

కట్టెలు మాత్రం ఇప్పుడే కొనాలి.
చలి ఏ మోడలు కోసమూ ఆగదు.