మొద్దూ ఉలీ

ఉదయగిరి నుంచి తొలి బస్సులో
బియ్యం సంచుల్లో చెంచాలు నెల్లూరికి దిగేవి.
వాటికి నేనొక వెబ్‌సైటు కట్టాను.
తెర మీద వేలు జరిపితే
నర్ది చెక్క గరిటె నెమ్మదిగా తిరుగుతుంది,
పిడి మీది పువ్వు రెక్క రెక్కా విచ్చుకుంటుంది.
గౌసియాబీ చూసి
"మా చేతులకంటే నీ గాజుపలకే నున్నగా ఉండాదే" అనింది.
నేను దాన్ని మెప్పనుకున్నాను.

మూడు నెలలు.
ఆర్డర్లు రెండు.
ఒకటి మా పిన్నిది, కావలి నుంచి.
రెండోది పనిచేస్తుందో లేదోనని
నేనే పెట్టి చూసుకున్నది.

వెతికితే దొరకలేదు.
ఊరి పేరు కొట్టినా, చెక్క పేరు కొట్టినా,
చివరికి గౌసియాబీ పేరు కొట్టినా
కోట వస్తుంది, కొండ వస్తుంది,
ఇవాళ ఎండెంతో వస్తుంది,
మేము రాము.
అడిగిందానికల్లా బదులు చెప్పే కొత్త యంత్రం
ఎక్కడిదో ప్లాస్టిక్ గరిటెల దుకాణానికి
ఎంతో మర్యాదగా దారి చూపించింది.

ఆ రాత్రి, కరెంటు పోయి వచ్చాక,
నా సైటు తలుపు నేనే తట్టాను,
బ్రౌజర్ లేకుండా,
యంత్రం తట్టినట్టు, ఒక్క వరుస ఆదేశంతో.
ఒక ఖాళీ డబ్బా వచ్చింది.
దాని మీద "రూట్" అని పేరు. వేరంట.
కింద మన్ను లేదు, పైన ఆకు లేదు.
పక్కనే చీటీ:
"దయచేసి జావాస్క్రిప్ట్ ఆన్ చేయండి."
ఎవరు చేస్తారు?
లోకమంతా పాకే ఆ సాలీడుకు
వేలుంటే గదా.

గౌసియాబీకి ఎట్టా చెప్పాలి?
వాకిట్లో చెక్కపొట్టు మీద కూర్చుని
ఉన్నది ఉన్నట్టు చెప్పాను:
పేజీ మన దగ్గర తయారు కాదు బీబీ,
సరుకంతా పంపిస్తాం,
చూసేవాళ్ళ ఫోనే దాన్ని చెక్కుకుంటుంది.
రాత్రిళ్ళు వచ్చే యంత్రాలకు అంత ఓపిక లేదు.
ఒకటో రెండో పెద్దవి మళ్ళీ వచ్చి
తీరిగ్గా చెక్కుకుంటాయేమో,
తక్కినవి గుమ్మంలో ఏముంటే అది చదువుకుని పోతాయి.

ఆమె చెయ్యి ఆపలేదు.
"అంటే అబ్బయా,
చెంచా అడిగినోడికి
మొద్దూ ఉలీ కట్టి పంపినావు."

నాలుగేళ్ళ చదువు, అమీర్‌పేటలో ఆరు నెలల కోచింగు.
ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

చెక్కడం సర్వర్ మీదికి మార్చాను,
అడగకముందే పేజీలన్నీ చెక్కి ఉంచి
తలుపు తీయగానే చేతిలో పెట్టేట్టు.
వారం పట్టింది.
తిరిగే గరిటె తిరుగుతూనే ఉంది,
అది కళ్ళున్నవాళ్ళకి, తర్వాత.
ముందు మాటలు.

మాటల దగ్గరే ఆగిపోయాను.
బొమ్మల కింద "చెంచా ఒకటి", "చెంచా రెండు" అని ఉంది,
నేను రాసిందే.
"కళ్ళు మూసుకో" అని గౌసియాబీ
అరచేతిలో ఒకటి పెట్టింది.
బొటనవేలికి చిన్న గుంట తగిలింది.
"అది పెరుగుది. గుంట లేకుంటే జారతాది.
ఇది ఊరగాయది, మెడ పొడుగు, జాడీ అడుగుదాకా పోవాల.
ఇది పసిబిడ్డకి, అంచు షాహీన్ రుద్దింది,
ఆ నునుపు ఇంకెవరికీ రాదు."
రాసుకున్నాను. పెరుగుది. ఊరగాయది. షాహీన్ రుద్దింది.
పదకొండు మంది పేర్లు
నా సైటులో యాడా లేవని అప్పుడు చూశాను.
ఖాదర్‌బీ మాత్రం
"నా పేరొద్దు నాయనా, అప్పులిచ్చినోళ్ళు కూడా వెతుకుతారు" అనింది.
ఆమె పేరు రాయలేదు.
ఆమె చేసిన దువ్వెన రాశాను, పళ్ళు లెక్కపెట్టి.

నిన్న లాగులో ఒక వరుస:
తెల్లవారుజాము మూడూ పన్నెండు.
ఎవరో వచ్చారు. మనిషి కాదు.
పెరుగు చెంచా పేజీ అడిగి
తొమ్మిది కిలోబైట్లు తీసుకుని వెళ్ళిపోయారు.

చదివి వినిపించాను.
"డబ్బులిచ్చిందా?"
లేదు.
"మళ్ళీ వస్తాదా?"
రావచ్చు.
"ఎవరికన్నా చెప్తాదా, మా సంగతి?"
దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆమె చేతిలోదాన్ని వెలుగుకెత్తి
పొట్టు ఊదింది.
"చెప్తే," అనింది,
"జారదని చెప్పమను."