కాయిల్ గుర్తు ఆరేదాక

లక్షా ఎనభై ఐదు వేలు లెక్కపెట్టుకొని
పరకాల మిర్చి ఏజెంటు సారంగపాణి
తాళంచెవి నా చేతుల పెట్టుకుంట
ఒక్క ముచ్చటే చెప్పిండు:
"పొద్దుగాల దాన్ని తొందరపెట్టకు, అన్నా."

తొందరపెట్టిన.
కొత్తవాడ గల్లీ మొత్తం లేచేటట్టు దగ్గింది డీజిల్ బండి.
పాలాయన సైకిల్ ఆపి చూసిండు.
ఎదురింటి దండెం మీది తెల్ల పంచెకు
అడగకుంటనే నల్ల అంచు పడ్డది.

రెండు రోజులకు సమజైంది.
తాళం సగం తిప్పంగనే స్టీరింగ్ ఎనుక
పసుపురంగుల ఒక మెలిక వెలుగుతది,
కండె నుంచి జారిన పోగు లెక్క.
అది ఆరాలె. ఆరినంకనే మిగతా సగం.
ఎండకాలమైతే రెండు లెక్కపెట్టే లోపే ఆరుతదట,
ఈ చలిల పదకొండు.
నాకు పదకొండుదాక ఆగుడు రాదు.
లేస్తే మగ్గం, మాపటికి గజాలు, గజాలకు పైసలు.
ఆగుడు అనే పని నాకెవలు నేర్పలే.

అద్దం మీది మంచు పోవాలని ఏసీ వేస్తె
మిరపకోరు.
ఎనుమాముల మార్కెట్‌కు ఎన్ని బస్తాలు మోసిందో,
జాలీలకెల్లి చల్లగాలి రాంగనే
నేను, అనసూర్య, ఎనుక కూసున్న మా తోడల్లుడు
వరుసబెట్టి తుమ్ముడు.
మ్యాట్ దులిపినప్పుడల్ల గింజలు రాలుతయి.
అనసూర్య నాలుగు ఏరి పాత పెయింట్ డబ్బాల పెట్టింది.
రెండు మొలిచినయి.

డీజిల్ ముల్లు ఒట్టి అబద్ధాలది.
సగమున్నదని చెప్పుకుంట చెప్పుకుంటనే
ఎల్కతుర్తి దాటినంక ఆగిపోయింది.
మీద ముప్పై జంపఖానాలు,
హుజూరాబాద్‌ల పెండ్లోల్లు ఫోన్ మీద ఫోన్.
ఐదు లీటర్లు తెచ్చి పోసినా లేవలే.
కాజీపేట అంకూస్ భాయ్ నవ్విండు ఫోన్ల:
"ఉత్తగ పోస్తె లేస్తదా? నరాలల్ల గాలి నిండింది.
బానెట్ ఎత్తు. నల్ల రబ్బరు ఉండ ఉంటది.
గట్టిపడేదాక పిసుకు."
పత్తిచేను పక్కపొంటి నిలబడి పిసికిన,
ఆవు పొదుగు ఎన్నడు ముట్టనోన్ని.
అరచేతుల మెల్లెగ గట్టిపడ్డది.

ఇగ మిగిలింది ఒక చప్పుడు.
ఎడమకు తిప్పితే టక్కుమంటది.
అంకూస్ భాయ్ మూడు చక్కర్లు కొట్టి
"వహమ్ నీకు" అన్నడు.
వహమ్ కాదు భాయ్.
నలభై ఏండ్లు మగ్గం గుంతల కూసున్న చెవులివి,
పోగు తెగితే కండ్లకంటె ముందు వీటికే ఎరుక.
నేనే ఊడదీసి చూసిన.
ఎడమ సీటు కింద, పట్టా మడతల,
అర్ధకిలో ఇనుప బాటు.

సారంగపాణికి ఫోన్ చేసిన,
మీ వస్తువొకటి నా దగ్గరున్నదని.
బాటు సంగతి ఆయన పట్టించుకోలే.
జరసేపు ఊకున్నడు.
"ఇంక దగ్గుతున్నదా?"
లేదన్న.
"పదకొండా?"
"పదకొండే."
అటుదిక్కు ఎవలో కాంటా పెట్టుమని కేకేసిండ్రు,
మాట నడుమనే ఫోన్ ఆగింది.

బాటు తీసినంక మూడు రోజులు
ఎడమ మలుపులన్ని సప్పగైనయి.
ములుగు రోడ్డు కాడ తిప్పుకుంట
ఉత్తగనే చెవులు రిక్కించిన.
నాలుగోనాడు తెచ్చి
ఉన్న తావుల్నే పెట్టిన.
అంకూస్ భాయ్‌కి చెప్పలే.

ఇయ్యాల మంచు బాగున్నది.
గల్లీ చివరి కరెంటు స్తంభం కనవడ్తలేదు.
తాళం సగం తిప్పి కూసున్న.
గేటు రెక్క పట్టుకొని అనసూర్య చలికి ముడుచుకున్నది:
"ఏమాయె, కదలవేంది?"

ఏడు.
ఎనిమిది.