నిప్పు లేని ఎసరు

హాలిఫాక్స్‌లో ఉన్ని మిల్లు మూసేసినప్పుడు
క్యాంటీన్ సామానంతా వాకిట్లో పెట్టి అమ్మారు.
మంచి కుర్చీలు ముందే పోయాయి.
నాలుగు పౌండ్లకి నాకు దొరికింది ఇదీ:
మోకాలెత్తు ఎర్ర సిలిండరు,
మెడలో తాడుతో కట్టిన అట్టముక్క.

వానలో బస్సెక్కించాను.
డ్రైవరు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి
ఎక్కడైనా అంటుకుందా అన్నాడు.
ఇంకా లేదన్నాను.

అట్టముక్క మీద ఏడాదికో సంతకం.
ఆర్. ఆక్రాయిడ్, ఆర్. ఆక్రాయిడ్,
పందొమ్మిది సార్లు అదే చెయ్యి.
చివరి మూడింట్లో గీత వణికింది.
పక్కింటి బెరిల్ కళ్ళజోడు పైకి నెట్టి
"మా రాయ్‌దే" అంది.
"అన్నేళ్ళలో ఒక్క మంటా చూడలేదు పాపం,
అందుకే ఎప్పుడూ మూతి ముడుచుకునుండేవాడు."

షెడ్డు వెనక పిన్ను లాగి పిడి నొక్కితే
ముసలి దగ్గులా వచ్చాయి నీళ్ళు,
తుప్పు రంగులో, కషాయంలా.
ముల్లు సున్నాకి వాలేదాకా ఆగాను.
ఆ తర్వాతే రంపం.

సుధీంద్ర గుమ్మం దాటడు.
పేలితే ఎవరిది పూచీ అని అక్కణ్ణించే కేకలు.
గాలి నింపట్లేదు మహానుభావా, తీసేస్తున్నా.
మహా అయితే నలుగుతుంది.

కోసిన అంచుని రెండు రోజులు గరుకు కాగితంతో రుద్ది
రబ్బరు చుట్టు, దాని మీద
బొటనవేలంత మందం అక్రిలిక్ పలక.
తలుపు విరిగిన ఫ్రిజ్ కంప్రెసర్ని
గాలి లాగేలా తిప్పి తగిలించాను.

శనివారం రాత్రి
అడుగున చిన్న గాజు గ్లాసు, సగానికి గోరువెచ్చని నీళ్ళు.
టార్చి పట్టుకుని నేనూ బెరిలూ పైనుంచి తొంగిచూశాం.
చాలాసేపు కంప్రెసర్ గురకే.
అంచున ఒక బుడగ. కాసేపటికి నాలుగు.
ఉన్నట్టుండి గ్లాసంతా తెర్లిపోయింది,
కుతకుతా, అన్నానికి పెట్టిన ఎసరులా,
మంటలార్పే డబ్బా పొట్టలో,
ఏ మంటా లేకుండా.

నిప్పు లేనిదే పొగ రాదని
మా హాస్టల్ వార్డెన్ ఒకమ్మాయిని
నెల్లాళ్ళు ఏడిపించింది.
ఆవిడ చేత ఈ గ్లాసు ముట్టించాలి.

గాలి వదిలి, పలక ఎత్తి
గ్లాసు బెరిల్ చేతికిచ్చాను. చల్లగా ఉంది.
రెండు అరచేతుల మధ్యా పట్టుకుని
ఏమీ అనలేదు.
అట్టముక్క అడిగితే, దాచుకుంటుందేమో అనుకున్నా.
"పెన్సిలుందా?" అంది.
ఖాళీ గడిలో ఈ ఏడాది వేసి,
పక్కన నిదానంగా: బి. ఆక్రాయిడ్.

గుమ్మంలోంచి సుధీంద్ర,
"ఇంక రావచ్చా?"