గేటు ఎటు

సొహార్ దాటినంక పద్నాలుగు కిలోమీటర్లు.
ఉప్పు పూసిన నేల మీద బండి ఆపిన.
వెనక సీట్ల ముగ్గురు, ఒళ్ళో నక్షా,
మూడు ఊర్ల చుట్టు ఎర్ర పెన్సిలు సున్నాలు.
ఒకటి మెక్సికోలనట, పేరు నాకు నోరు తిరగలే.
"అక్కడ సంఘాలు ముదురు.
మేయరు మారితే లెక్క మారుతది"
అని సన్నటాయన ఆ సున్నాను కొట్టేసిండు.
నీళ్ళ సీస అందిస్తూ వంగి చూసిన:
నువ్వుగింజంత ఊరు.

మా అమ్మ మెట్‌పల్లిల బీడీలు చుట్టేది.
వెయ్యికి రెండు రూపాలు పెంచమని
చాటలు బోర్లించి ఎండల కూసున్నరు, పదకొండు రోజులు.
పన్నెండో నాడు
ఆకు, తంబాకు వేరే ఊరికి పోయినయి.
చందా రసీదు మా గూట్లె ఇంకా ఉన్నది,
మీద అమ్మ వేలిముద్ర, సగం తంబాకు రంగు.

వాలీ దఫ్తర్ల కహ్వా, ఖర్జూరాలు.
గేటు తూర్పుకు పెట్టాలంటరు ఖల్ఫాన్ వాళ్ళు,
పడమరకంటరు సయీద్ వాళ్ళు.
గేటు ఎటుంటే అటే కదా
నీళ్ళ ట్యాంకర్లు, టైర్ల దుకాణం, క్యాంపు కిరాయి.
రెండు గంటలు కొట్లాడిండ్రు.
ఒక్క మాట కాడ మాత్రం కలిసిండ్రు:
"బయటికెల్లి వచ్చెటోళ్ళు ఏం అడగరు."
నాకు అరబ్బీ రాదనుకున్నరు.
పదమూడేండ్లాయె నేనొచ్చి.

మూలకు కూసున్న జుమా, వలలోడు,
చెయ్యి లేపి ఒక్కటే అడిగిండు:
"పైపు సముద్రంల ఎంత దూరం పోతది?"
ఎవలో ఆయన కప్పుల మళ్ళ కహ్వా పోసిండ్రు.

మా క్యాంపుల ఏసీ చెడి తొమ్మిది రోజులు.
ఆ తెల్లారి నాలుగున్నరకు బస్సు వచ్చింది,
ఎవ్వలు ఎక్కలే.
చెప్పులు ఇడిచి గోడ నీడకు కూసున్నరు:
బిహారోళ్ళు, నేపాలీలు, మనోళ్ళు, నర్సింలు ముందట.
నినాదం లేదు. జెండా లేదు.
"లీడర్ ఎవడు?" అని ఫోర్మన్ అరిస్తే
ప్రతోడు పక్కోని దిక్కు చూసిండు.
పగటీలికి ఏసీ తిరిగింది.
పొద్దూకెతాలకు నర్సింలు పెట్టె కట్టించిండ్రు.

మర్నాడు బండిల, అద్దంల నన్ను చూసుకుంట
సన్నటాయన అడిగిండు:
"లింబాద్రీ, ఇక్కడ గొడవలేమన్న ఉంటయా?"
ఉంటయంటే ఈ సున్నా కొడ్తడు.
ఉండయంటే నర్సింలు లేనట్టే.
స్టీరింగు కాలుతున్నది.
పెన్సిలు ఆయన చెవి మీదున్నది.

"గేటు ఎటు పెడ్తరు సార్?" అన్న.