లోపొర

ఇన్యరీమె ఆసుపత్రిలో ఈ గదికి కిటికీ ఒక్కటే.
దానికి దుప్పటి కట్టాను,
తెర మీద చీకటి చీకటిలాగే కనబడాలని.
బయట జనరేటర్ దగ్గుతోంది.
జెల్ సీసాని చంకలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టినా
సల్మీనా ఉలిక్కిపడింది.

పదమూడేళ్లు. తొమ్మిదేళ్ల పిల్లంత ఉంది.
పొట్ట మాత్రం నీళ్లకుండ.
కాళ్లు వాయలేదు, కర్రపెండలం కాడల్లా ఉన్నాయి.
నులిపురుగులన్నారు, కాలేయమన్నారు,
నాన్నమ్మ ఎవరి కళ్లో పడ్డాయంది.
సూదితో రెండుసార్లు నీళ్లు తీశారు.
రెండుసార్లూ అవి తిరిగొచ్చాయి
తాళంచెవి తమ దగ్గరే ఉన్నట్టు.

నేను పొట్టని అడగను.
పక్కటెముకల సందున అడుగుతాను.

తెర మీద మొదట ఇసుక.
ఆ తర్వాత ఇసుకలో కదలిక.
కుడివైపు కింది గదికి కొన లేదు.
ఉండాల్సిన చోట తెల్లగా, గట్టిగా,
ఎవరో సున్నం పోసి పూడ్చినట్టు.
కవాటం రేకు ఒకటి గోడకి అంటుకుపోయింది.
పై గది ఉబ్బి ఉబ్బి పక్కవాటిని తోసేస్తోంది.
దారి దొరకని రక్తం అందులో
పొగలా సుడి తిరుగుతోంది.
గుండె రాయి చేసుకోమంటాం, దుఃఖంలో ఉన్నవాళ్లని.
ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

తలుపు దగ్గర వాళ్ల నాన్న, జెఫనియాస్.
టింబిలాలు చేస్తాడు.
గోళ్ల చుట్టూ నల్లటి మైనం.
"ఏం కనబడింది?"

పోర్చుగీసులో ఆ జబ్బు పేరు
నోటికి పట్టనంత పొడుగు.
చోపీలో దానికి పేరే లేదు.
"గుండె లోపల ఒక పొర ఉంటుంది,
రక్తం తగిలే వైపు. చాలా పల్చన. అది..."

"బుర్రకి నేను అతికించే పొరలాగా?"

చెప్పాడు:
ప్రతి చెక్క కిందా ఒక బుర్ర.
బుర్రకి చిల్లు. చిల్లు మీద ఆవు పేగు పొర.
అది అదిరితేనే చెక్కకి గొంతు.
పొర మందమైతే,
చెక్కలో తప్పు లేదు, వాయించే చేతిలో తప్పు లేదు,
మోత లోపలే చచ్చిపోతుంది.

తెర ఆయన వైపు తిప్పాను.
చాలాసేపు చూసి, వేలు తాకించకుండా
సరిగ్గా కొన దగ్గర ఆపాడు. "ఇక్కడ."
ఆ చోటు పోల్చుకోవడానికి
నాకు మూడేళ్లు పట్టింది.

"నేనైతే గీకేసి కొత్తది వేస్తాను."
మపూతోలో గీకి తీస్తారని చెప్పాను.
కొత్తది వేయరు.
కొందరు లేచి బడికి వెళ్లారు.
కొందరి పేర్ల పక్కన నా పుస్తకంలో గీత ఉంది.
రెండూ చెప్పాను.

"ఎందుకొచ్చింది?"
మట్టా, తిండా, పురుగా, లేమా...
"తెలీదు" అన్నాను.
ఆ మాటకి చోపీలో పేరుంది.

అప్పుడు సల్మీనా, జెల్ తుడుచుకుంటూ:
"బాగున్నది ఎలా ఉంటుంది? నాన్నది చూపించు."

నవ్వుతూ పడుకున్నాడు, చొక్కా తీసి.
బాగున్న లోపొర తెర మీద కనబడదమ్మా,
కనబడకపోవడమే దాని ఆరోగ్యం,
అని చెబుతూనే చేయి జరిపాను.
గదులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి,
తలుపులు శుభ్రంగా.
పిల్ల నోరు తెరిచి చూస్తోంది.

కొన దగ్గర,
జీడిపప్పు బద్దంత తెలుపు.

నేనేమీ అనలేదు. చేయి ఆగింది, అంతే.
ఆయన మెడ తిప్పి తెర చూశాడు,
ఎక్కడ చూడాలో
ఇందాకే నేర్చుకున్నవాడు.

కూతురు అడిగింది: "బాగుందా?"
"బాగుంది" అన్నాడు.

మైనం వేళ్లతో గుండీలు పెట్టుకున్నాడు,
ఒకటి తప్పు కాజాలో.
"మపూతో బస్సు పొద్దున్నే ఎన్నింటికి?"
అని నన్నడిగాడు,
"ఒక పెద్ద టిక్కెట్టు, ఒక పిల్ల టిక్కెట్టు
ఎంతవుతుంది?"