తూకానికి రాని నీళ్లు

వాయుగుండం పోయి మూడో రోజు.
"ఈపొద్దు పోకుంటే ఇంగ వచ్చే ఏడే" అన్నాడు పెంచలయ్య.
ఆదివారం. కాటా మూత.
మంగంపేట రోడ్డు వారన ముగ్గురాయి లారీలు
వానకు కడిగినా తెల్లగానే
నెమరేయడం మరిచిన ఎద్దుల్లా నిలబడి ఉన్నాయి.

పదకొండేళ్లుగా నా పని తూకం.
ఖాళీ లారీ ఇంత, నిండు లారీ ఇంత,
తీసేస్తే మిగిలింది రాయి.
రాత్రి తల దువ్వుకుంటే
దువ్వెన పళ్ల సందున అదే రాయి, పిండిలా.

నలుగురం.
ముందు పెంచలయ్య, టైరు చెప్పులు, చేతిలో కొడవలి.
వెనక డ్రిల్లింగు మస్తాన్‌వలి, వాడి దగ్గు.
క్యాంటీను నాగసుబ్బక్క నెత్తిన
సంకటి ముద్దలు, చెనిక్కాయల ఊరిమిండి.
చెక్‌పోస్టులో గార్డు మా సంచులు తడిమాడు,
చందనం కొట్టే గొడ్డలుందేమోనని.
లేదు. సంకటి ఉంది.
ఒక ముద్ద తీసుకొని గేటెత్తాడు.

మొదటి కొండ ఎక్కి వెనక్కి చూస్తే
గని.
మెట్లు మెట్లుగా దిగిపోయిన లోతు,
అడుగున ఎవరూ తాగని పచ్చటి నీళ్లు.
"కొత్త జియాలజిస్టు సారు చెప్పినాడు" అన్నాడు మస్తాన్,
"ఇదంతా ఒకప్పుడు సముద్రమంట,
నడిమధ్య నిప్పు కక్కే కొండంట,
ఆ బూడిదే నీళ్లలో పొరలు పొరలుగా దిగి
మన ముగ్గురాయి అయిందంట."
"అయితే మనం ద్వీపం మీదుండామా?"
"ఉండాం గానీ అక్కా, సముద్రమే లేచిపోయింది."
"మా ఆయన మాదిరి" అంది నాగసుబ్బక్క.
ఇద్దరూ నవ్వారు.
నేను మాత్రం లెక్కేసుకున్నా:
మేం తూచి పంపే రాయి ఓడలెక్కి
పోయేది సముద్రానికే కదా,
ఎవరి బాకీ ఎవరం తీరుస్తున్నట్టు?

ఆ పైన దారి లేదు. పెంచలయ్య ఉన్నాడు.
చీల్చిన చెదపుట్ట దగ్గర ఆగి
"రాత్రి ఎలుగొచ్చింది" అన్నాడు,
పక్కింటాయన వచ్చిపోయినట్టు.
పరికిముళ్లు నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నాయి,
పీక్కున్నా, మళ్లీ పట్టుకున్నాయి.
చెవికి ముందు అందింది చల్లదనం,
చప్పుడు తరవాత.

నేననుకున్నా, ఫోన్లో చూసినట్టు
ఆకాశం తెగి పడుతుంటుందని.
కాదు.
రెండు తాటిచెట్ల ఎత్తు నల్లబండ,
దాని మీంచి బడిపిల్ల జడ రిబ్బనంత నీళ్లు.
గాలొస్తే పక్కకి తప్పుకుంటాయి,
గాలి పోతే సిగ్గుపడి మళ్లీ అక్కడికే.

"దీని పేరేంది పెంచలయ్యా?"
"మేం పెట్టలేదు.
పేరు పెడితే బోర్డొస్తాది, బోర్డొస్తే టిక్కెట్టొస్తాది."

మస్తాన్ చొక్కా విప్పి కింద నిలబడ్డాడు.
వీపు మీది తెలుపు కారి కారి
గుండంలో పాలచుక్కలా విచ్చుకొని పోయింది.
లోపలి మనిషి రంగు బయటపడింది.
పదకొండేళ్లలో నేను చూడని రంగు.
దగ్గు ఆగిందో, నీళ్ల చప్పుట్లో వినపళ్లేదో.
అడగలేదు.

నాకో పాడలవాటు.
దోసిలి పట్టి, ఇంత, అనుకున్నా.
వదిలి, మళ్లీ పట్టా.
వేళ్ల సందుల్లోంచి లెక్క కారిపోయింది.
నాగసుబ్బక్క అప్పటికే బండ మీద నిద్రపోతాంది,
నోరు తెరుచుకొని,
సంకటి గిన్నెలో తుంపర పడుతుండగా.

సోమవారం పొద్దున మొదటి లారీ కాటా ఎక్కింది.
అంకె కాసేపు వణికి నిలబడింది.
రాసుకున్నా.
షిఫ్టుకు పోతా మస్తాన్ చెయ్యెత్తాడు,
అప్పుడే చెవుల వెనక తెల్లబడినాడు.

కొండమీద ఆ రిబ్బను ఉందో తెగిందో
పెంచలయ్యను అడగాల.
వద్దులే.