గౌను గుర్తు

నామినేషన్ కాగితం మీద
వేలిముద్ర వద్దు, సంతకమే పెడతానన్నాను.
వేద్దామన్నా నాకు ముద్రలు లేవు.
ఇరవై రెండేళ్ళ జీడి నూనె
నా వేళ్ళ మీది గీతలన్నీ తినేసింది.
రేషన్ మిషను నన్ను గుర్తుపట్టదు,
కాశీబుగ్గ బ్యాంకులోదీ అంతే.
"బమ్మిడి రూపవతి, పదిహేడో వార్డు, స్వతంత్ర" అని
గుమస్తా పైకి చదివినప్పుడు
ఎవరావిడ అని వెనక్కి తిరిగి చూశాను.

డిపాజిట్టు డబ్బులు
షెడ్డులో పద్నాలుగు మందిమి వేసుకున్నాం.
సీపాన దమయంతి నూటపది ఇచ్చి
"వంద వొగ్గీసినాను, పది మాత్రం ఎనక్కియ్యాల" అంది.

ఉపసంహరణ ముందు రాత్రి
షావుకారి మనిషొకడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.
"నీకెందుకమ్మీ ఈ గోల?
రేపు షెడ్డుల నీ పీట ఉంటాదో నేదో" అన్నాడు.
మా ఆయన లుంగీ సర్దుకుని
నా వైపు చూసి, అతని వైపు చూసి,
గోడ గడియారం చూసి
"టీ తాగుతావేటి?" అన్నాడు, అతన్ని.
ఆ మనిషి తాగకుండానే పోయాడు.
ఇన్నేళ్ళ కాపురంలో
ఆయన నా పక్షాన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

కుళాయి గుర్తు అడిగాను,
నా గొడవంతా దాని గురించే కనక.
కుళాయి వేరెవరికో పోయింది.
నాకు గౌను వచ్చింది,
బుట్ట చేతుల చిన్నపిల్ల గౌను.

పోస్టర్లకి డబ్బులెక్కడివి?
తారకేశ్వరి మనవరాలి గులాబీ గౌను
వెదురు కర్రకి తగిలించాం.
ఆరింటికల్లా తిరిగిచ్చెయ్యాలి,
ఆ గుంటకున్న మంచి గౌను అదొక్కటే.
గాలి తోలితే అది నిండుగా ఉబ్బేది,
లోపల ఎవరో గెంతుతున్నట్టు.
రైలు గేటు పడినప్పుడు
ఆగిపోయిన ఆటోల మధ్య
అదే నా ఉపన్యాసం.

ఒక ముసలమ్మ అడిగింది, "ఏ పార్టీ?"
ఏ పార్టీ కాదన్నాను.
"మరి నీ ఎనకాతల ఎవులున్నారు?"
వెనక్కి చూశాను.
కర్ర పట్టుకున్న గుంట, దమయంతి,
టెక్కలిపట్నం రోడ్డు నుంచీ వెంటొస్తున్న ఓ కుక్క.
ఉన్నారు కదా, అన్నాను.

నాలుగో రోజున పోటాపోటీగా
పెద్ద పార్టీలు రెండూ మా వీధి కాలవ పూడిక తీయించాయి.
పదకొండు రోజులు నీళ్ళు పారాయి.
అది నా పరిపాలనే అనుకుంటాను.

లెక్కింపు హాల్లో
బల్లకి అవతల కాగితాలు వేరుచేస్తున్నారు.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, నూక ఒకవైపు
అని నా చేతులకి వినబడింది.
మరీ నెమ్మది మనుషులు.
మా షెడ్డులో అయితే మధ్యాహ్నానికి పంపేస్తారు.
నా వాటా అరవై మూడు:
ఇరవై ఐదేసి కట్టలు రెండు,
పైన పదమూడు విడి కాగితాలు.

ఆ తర్వాత చెల్లనివి ఎత్తి చూపించారు.
ఒకటి ఉత్త తెల్ల కాగితం.
ఒకదాని మీద ముద్ర రెండు గళ్ళ మధ్య గీత మీద పడింది.
ఒకదాని మీద ముద్రే లేదు.
గౌను బొమ్మ మీద మాత్రం
నల్లటి వేలి మరక,
గీతల్లేని వేలు.
"ఇది చెల్లదమ్మా" అన్నాడు అధికారి,
మర్యాదగానే.
తెలుసండీ అన్నాను.
ఒకసారి వాసన చూడనిస్తారా అని అడగబోయి
మానుకున్నాను.

డిపాజిట్టు పోయింది.
ఇంటికొచ్చి మా ఆయనకి
అరవై నాలుగు వచ్చాయని చెప్పాను.

మర్నాడు నా పీట నా చోటే ఉంది.
వేడి కాయల బుట్ట ముందు కూర్చుని
బూడిద రాసుకుంటున్న చేతులకేసి చూశాను.
అందరి ఎడమ చూపుడువేలికీ సిరా ఉండే ఉంటుంది,
నలుపులో నలుపు, తేలదు.
ఎవరూ నాకేసి చూడలేదు.
మూడో బుట్ట అయ్యాక
దమయంతి తలెత్తకుండా అంది:
"నా పదేదే?"